మందు వాడిన పశువుల పేడ: యాంటీబయాటిక్ అవశేషాలు తగ్గేలా కంపోస్టు చేయడం ఎలా

పశువుకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించాక కొన్ని రోజులు పాలు పక్కన పెడతాం. పేడని మాత్రం ఎవరూ పక్కన పెట్టరు. ఎప్పటిలాగే ఎత్తి కుప్పలో వేస్తాం, చివికాక పొలంలో చల్లేస్తాం. ఇచ్చిన మందంతా ఒంట్లోనే ఖర్చయిపోయి ఉంటుందిలే అనుకుంటాం. అలా ఏం జరగదు. మందు రకాన్ని బట్టి, ఇచ్చిన పద్ధతిని బట్టి 30 నుంచి 90 శాతం దాకా పేడలోనో మూత్రంలోనో బయటికి వచ్చేస్తుంది. అందులో చాలా భాగం ఇంకా పని చేసే మందే.

అది నేలలోకి చేరితే అక్కడి బ్యాక్టీరియాకి రోజూ కాస్త కాస్త మందు తగులుతూ ఉంటుంది. చంపేంత మోతాదు కాదు, అలవాటు పడేంత మోతాదు. మందుకి లొంగని రకాలు అలాగే పెరుగుతాయి. కొన్ని మందుల్ని మొక్కలు కూడా వేళ్లతో కొంత పీల్చుకుంటాయి.

కంపోస్టు చేస్తే ఈ అవశేషాలు పోతాయా అంటే, కొన్ని పది రోజుల్లో పోతాయి, కొన్ని మూడు నెలలు పడతాయి, కొన్ని మొండిగా మిగిలిపోతాయి. అందుకే ముందు మీ కుప్పలో ఏ మందు ఉందో తెలియాలి. ఇది తెలియకుండా కుప్పని ఎంత బాగా పెట్టినా చీకట్లో పని చేసినట్టే.

ముందు ఒక నోటుబుక్కు

పాక గోడకి ఒక నోటుబుక్కు వేలాడదీయండి. ఏ పశువుకి, ఏ తేదీన, ఏ మందు, ఎన్ని రోజులు అన్నది రాయండి. కంపెనీ పేరు రాస్తే సరిపోదు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కావాలి. అర్థం కాకపోతే లేబుల్‌కి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టరుని అడగొచ్చు. దాణాలో కలిపి వచ్చే మందుల్ని కూడా మర్చిపోవద్దు. కోళ్ల దాణాలో, పందుల దాణాలో మందు కలిసి ఉందని చాలామందికి తెలియనే తెలియదు. బస్తా మీద చదివితే ఉంటుంది.

పేరు దొరికాక అది ఏ కుటుంబానికి చెందిందో చూడండి.

పెన్సిలిన్, ఆంపిసిలిన్, సెఫ్టియోఫర్ లాంటివి సుకుమారమైనవి. నీళ్లు తగిలినా, పేడలోని సూక్ష్మజీవుల ఎంజైములు తగిలినా త్వరగా విరిగిపోతాయి. వీటి గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు.

టెట్రాసైక్లిన్ కుటుంబం, అంటే ఆక్సీటెట్రాసైక్లిన్, క్లోర్‌టెట్రాసైక్లిన్, పశువులకి బాగా ఎక్కువగా వాడే రకం. వేడి కంపోస్టులో ఇవి బాగానే తగ్గుతాయి. అమెరికాలోని మినెసోటాలో టర్కీ కోళ్ల పెంటతో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో క్లోర్‌టెట్రాసైక్లిన్ పది రోజుల్లోపే 99 శాతానికి పైగా పోయింది. అదే కుప్పల్లో టైలోసిన్, మోనెన్సిన్ అనే వేరే రకం మందులు 54 నుంచి 76 శాతం దాకా మాత్రమే తగ్గాయి. సల్ఫామెథజీన్ అనే సల్ఫా మందు అసలు కదల్లేదు. ఒకే కుప్ప, ఒకే వేడి, నాలుగు మందులు మూడు తీర్లుగా ప్రవర్తించాయి.

సల్ఫా మందుల విషయం కాస్త తికమకగా ఉంటుంది. పంది పెంటతో చేసిన మరో ప్రయోగంలో సల్ఫాడయజీన్ మూడు రోజుల్లోనే మాయమైంది. అందుకని సల్ఫా అనగానే ఒకే లెక్క వేయలేం. పైగా పశువు ఒంట్లో ఈ మందుకి ఒక చిన్న రసాయన తోక అతుక్కుని, పని చేయని రూపంలో బయటికి వస్తుంది. పేడలోని సూక్ష్మజీవులు ఆ తోకని కత్తిరించేస్తే మళ్లీ అసలు మందు తయారవుతుంది. కాబట్టి మొదటి రోజుల్లో పరీక్ష చేస్తే మందు తగ్గడం పోయి పెరిగినట్టు కనిపించినా ఆశ్చర్యపోకండి.

మొండిఘటాలు ఫ్లోరోక్వినోలోన్లు. పశువులకి ఇచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్‌లో కొంత వాటి ఒంట్లోనే సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. అది మనుషులకి ఇచ్చే మందే. ఇవి పేడ రేణువులకి గట్టిగా అంటుకుంటాయి, సూక్ష్మజీవులకి ఒక పట్టాన దొరకవు. ఇందాకటి పంది పెంట ప్రయోగంలోనే 56 రోజుల తర్వాత కూడా సిప్రోఫ్లాక్సాసిన్ 17 నుంచి 31 శాతం మిగిలే ఉంది.

పేడని విడదీయడం

మందు వాడుతున్న పశువుని వీలైతే విడిగా కట్టండి. విడిగా కట్టే చోటు లేకపోతే కనీసం దాని కింద పేడనీ, తడిసిన గడ్డినీ విడిగా ఎత్తండి. మందు మొదలైన రోజు నుంచి చివరి డోసు తర్వాత కనీసం వారం పది రోజుల దాకా ఇలా చేయాలి. దీర్ఘకాలం పని చేసే ఇంజెక్షన్లయితే ఇంకా ఎక్కువ రోజులు. సీసా మీద పాలకీ మాంసానికీ రాసిన గడువు పేడకి లెక్క కాదు, అది వేరే ఉద్దేశంతో పెట్టింది.

విడిగా ఎత్తడంలో ఇంకో లాభం ఉంది. ఇరవై పశువుల్లో రెండింటికే మందు వాడితే, ఆ రెండింటి పేడని మిగతా పద్దెనిమిదింటి పేడలో కలిపితే మందు పలచబడుతుంది నిజమే. కానీ అప్పుడు మొత్తం కుప్పని మూడు నెలలు ఆపాలి. విడిగా పెడితే చిన్న కుప్పని ఆపితే చాలు. ఒక్క ఇబ్బంది, మరీ చిన్న కుప్ప వేడెక్కదు. రెండు గంపల పేడే వచ్చిందంటే మందు వాడని పేడ కొంత కలిపి కుప్పని తగినంత పెద్దది చేసి, ఆ మొత్తాన్నీ మందు కుప్పగానే లెక్కేసుకోండి.

కుప్పలో వేయకూడనివి కూడా ఉన్నాయి. మిగిలిపోయిన మందు, గడువు తీరిన మాత్రలు, సగం వాడిన సీసాలు, సూదులు, మందు కలిపిన దాణా మిగులు. కంపోస్టు అనేది పలచగా ఉన్న అవశేషాన్ని తగ్గించే పద్ధతి. సీసాడు మందు ఒకేచోట ఒంపితే, దాన్ని విరగ్గొట్టాల్సిన సూక్ష్మజీవులే అక్కడ చచ్చిపోతాయి. మందుల తయారీలో వచ్చే వ్యర్థాల జోలికి అసలే వెళ్లొద్దు, వాటిని శుద్ధి చేసే దారి వేరే ఉంటుంది.

పారబోయాల్సిన పాలు కొద్దిగా అయితే కుప్ప నడిమధ్యన, పొడి రంపపు పొట్టు మందంగా పరిచిన చోట, కొంచెం కొంచెంగా పోయొచ్చు. ఒకసారి నేను బకెట్‌తో తెచ్చి అంచున పోశాను. పాలన్నీ పక్కనుంచి జారి కాలవలోకి పోయాయి, వారం రోజులు ఈగలు, కంపు. మళ్లీ అలా చేయలేదు.

చోటు: నీళ్లు రాకూడదు, పోకూడదు

సల్ఫా మందులు నీళ్లతో పాటు తేలిగ్గా ప్రయాణిస్తాయి. టెట్రాసైక్లిన్లు పేడకీ మట్టికీ అంటుకుంటాయి, కుప్ప అడుగు నుంచి కారే ఊటలో కొద్దిగానే పోతాయి. అయినా వాన నీటికి పేడ కొట్టుకుపోతే దాంతో పాటే ఇవీ పోతాయి. వానకి తడిసే కుప్పలో మందు తగ్గినట్టు కనిపిస్తే అది విరిగిపోలేదు, పక్కింటి బావి వైపు ప్రయాణం కట్టింది.

కాబట్టి పైన కప్పు ఉండాలి. రేకుల కప్పు లేకపోతే టార్పాలిన్ చాలు, కానీ గాలి ఆడేలా కర్రల మీద ఎత్తి కట్టండి. కింద సిమెంటు గచ్చు ఉంటే మంచిది. లేదంటే బంకమట్టి దిమ్మిసా కొట్టిన నేల. నేల కొంచెం వాలుగా ఉండి, వాలు చివర చిన్న గుంట తవ్వితే ఊట అందులో చేరుతుంది. ఆ ఊటని పారబోయకుండా, కుప్ప ఎండినప్పుడు దాని మీదే చల్లండి. అయితే వేడి దశ ముగిసిన కుప్ప మీద చల్లొద్దు. చచ్చిన క్రిముల్ని మళ్లీ పిలిచి పీట వేసినట్టవుతుంది. బావులకీ, చెరువులకీ, వాగులకీ ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా పెట్టండి.

పేడలో ఏం కలపాలి

ఉత్త పేడ కుప్ప పోస్తే లోపల గాలి ఆడదు, పులుస్తుంది, కంపు కొడుతుంది, పెద్దగా వేడెక్కదు. వేడి కోసం కార్బన్, నత్రజని పాళ్లు కుదరాలి. నత్రజని ఒక పాలుకి కార్బన్ 25 నుంచి 30 పాళ్లు ఉంటే కుప్ప చక్కగా పని చేస్తుంది. ఆవు పేడలో ఈ లెక్క సుమారు 20 దగ్గర ఉంటుంది, కోళ్ల పెంటలో 10 దగ్గర. గడ్డిలో 60 నుంచి 100, రంపపు పొట్టులో 300 పైనే.

లెక్కలు వద్దనుకుంటే ఇలా మొదలుపెట్టండి. ఆవు, గేదె పేడ ఒక గంపకి పొడి గడ్డి, ఎండుటాకులు, తరిగిన చొప్ప కలిపి ఒక గంప. ఏమీ కలవని కోళ్ల పెంటయితే ఒక గంపకి రెండు గంపలు. కోళ్ల కింద పరిచిన పొట్టుతో సహా ఎత్తిందయితే అందులోనే సగం కార్బన్ ఉంటుంది, ఒక గంప చాలు. మూడో రోజు ముక్కుని నమ్ముకోండి. కళ్లు మండే అమ్మోనియా వాసన వస్తే గడ్డి తక్కువైంది. వాసనా లేదు, వేడీ లేదంటే గడ్డి ఎక్కువైంది, లేదా తడి తక్కువైంది.

రంపపు పొట్టు ఒక్కటే కలపకండి. మెత్తగా అణిగిపోయి గాలిని ఆపేస్తుంది. 2 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా తరిగిన గడ్డి, పుల్లలు కలిస్తే కుప్పలో సందులు నిలుస్తాయి.

తడి 50 నుంచి 60 శాతం ఉండాలి. దీనికి మిషన్ అక్కర్లేదు. కలిపిన ముద్దని గుప్పిట్లో గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, పొడి గడ్డి కలపాలి. చుక్కే రాకుండా, చెయ్యి తెరవగానే ముద్ద పొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. చేతికి తొడుగు మాత్రం మర్చిపోకండి.

పాత కంపోస్టు ఒక పారెడు కలపడం మంచిదే. బొగ్గు పొడి, బయోచార్ కలిపే వాళ్లూ ఉన్నారు. అది గాలికీ తడికీ పనికొస్తుంది, మందుని తనకి అంటించుకుంటుంది కూడా. కానీ అంటుకోవడం వేరు, విరిగిపోవడం వేరు. ఈ తేడా కింద మళ్లీ వస్తుంది.

కుప్ప పేర్చడం, వేడి చూడటం

అడుగున జానెడు మందాన పుల్లలూ, ముతక చొప్పా పరవండి. గాలి అక్కడి నుంచే లోపలికి వెళుతుంది. దాని మీద కలిపిన పేడని పోయండి. పొరలు పొరలుగా పేర్చమని చాలాచోట్ల చెబుతారు. చూడటానికి బాగుంటుంది గానీ పేడ పొర పేడగానే, గడ్డి పొర గడ్డిగానే మిగిలిపోతుంది. ముందే పారతో బాగా కలిపి పోయడమే మేలు. పేడ ఉండలు ఉంటే చితక్కొట్టండి. పిడికిలంత ఉండ లోపలికి గాలి పోదు, అక్కడ మందు అలాగే ఉండిపోతుంది.

పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ కనీసం మీటరు ఉండాలి. మీటరున్నర ఎత్తు ఇంకా మంచిది. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. పైన పొడి గడ్డిగానీ, పాత కంపోస్టుగానీ జానెడు మందాన దుప్పటిలా కప్పండి.

పొడవాటి కాడ ఉన్న కంపోస్టు థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఈ పనిలో నేను ఖర్చు పెట్టమని చెప్పే వస్తువు ఇదొక్కటే. దొరకనప్పుడు ఒక ఇనుప చువ్వని నడిమధ్యకి గుచ్చి పది నిమిషాలాగి లాగండి. దాన్ని చేత్తో పట్టుకోలేకపోతే వేడి బాగున్నట్టే. ఇది అంచనా మాత్రమే.

రోజూ ఒకే వేళకి, నాలుగైదు చోట్ల, లోతు మార్చి మార్చి చూసి అదే నోటుబుక్కులో రాయండి. మామూలుగా రెండు మూడు రోజుల్లో 55 డిగ్రీలు దాటాలి. 55 నుంచి 65 మధ్య ఉంచడం మన పని. 70 దాటితే పని చేసే సూక్ష్మజీవులే చావడం మొదలవుతుంది, వెంటనే తిరగేయాలి.

అమెరికా లాంటి దేశాల్లో వాడే ఒక లెక్క ఉంది: పొడవాటి కుప్ప 55 డిగ్రీలు, ఆపైన కనీసం 15 రోజులుండాలి, ఆ లోపు కనీసం 5 సార్లు తిరగేయాలి. పాటించండి, మంచిదే. కానీ ఆ లెక్క రోగకారక క్రిముల్ని చంపడానికి పెట్టింది, మందు అవశేషాల కోసం కాదు. 15 రోజులకి ఈ. కోలి లాంటివి చావొచ్చు. టైలోసిన్ మాత్రం సగానికి పైగా మిగిలే ఉంటుంది.

తిరగేయడం అంటే కుప్పని అటు నుంచి ఇటు దొర్లించడం కాదు. బయటి అంచు లోపలికి, లోపలిది బయటికి రావాలి. అంచున ఉన్న పేడ ఎప్పుడూ 35 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది, లోపల 60 చూసి మనం సంతోషపడుతుంటాం. పైన కప్పిన గడ్డిని పక్కకి తీసి, బయటి జానెడు మందాన్ని చెక్కి కొత్త కుప్పకి నడుమగా పెట్టండి, లోపలిది దాని చుట్టూ వేయండి. మొదటి రెండు వారాల్లో మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి.

కుప్ప ఆగిపోతే ఎలా ఉంటుందో చెబుతాను. నేను పెట్టిన మొదటి కోళ్ల పెంట కుప్ప మూడో రోజుకి 72 చూపించింది. కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను. తిరగేయలేదు. పదో రోజుకి 45కి పడిపోయింది. అయిపోయిందనుకుని తవ్వితే లోపల అంతా బూడిద చల్లినట్టు తెల్లటి పొడి, ముట్టుకుంటే పొడిపొడిగా ఉంది, పెంట ఉండలు ఉండల్లాగే ఉన్నాయి. అది చివకలేదు, ఎండిపోయింది. నీళ్లు చల్లి, ఉండలు చితక్కొట్టి మళ్లీ పేర్చితే రెండు రోజుల్లో 60 ఎక్కింది. వేడి తగ్గగానే పని పూర్తయిందని అనుకోకండి. ముందు గుప్పిటతో పిండి చూడండి, ఆ తర్వాత తిరగేయండి. తడి సరిగ్గా ఉండి, తిరగేసినా వేడెక్కకపోతే అప్పుడు మొదటి దశ, అంటే వేడి దశ, ముగిసినట్టు.

మొదట్లోనే వేడెక్కని కుప్పలూ ఉంటాయి. తడి మరీ ఎక్కువ కావడం, కుప్ప చిన్నది కావడం మామూలు కారణాలు. మందు మోతాదు మరీ ఎక్కువగా ఉన్నా సూక్ష్మజీవులు లేవడానికి ఆలస్యం కావచ్చు. అప్పుడు మందు వాడని పేడ, పాత కంపోస్టు కలిపి పలచబరచండి.

ఎన్ని రోజులు ఆపాలి

ఏ మందైనా సగం కావడానికి కొంత కాలం పడుతుంది. ఆ మిగిలిన సగంలో సగం పోవడానికి మళ్లీ దాదాపు అంతే కాలం. మినెసోటా కుప్పల్లో క్లోర్‌టెట్రాసైక్లిన్ సగం కావడానికి ఒక రోజు, మోనెన్సిన్‌కి 17 రోజులు, టైలోసిన్‌కి 19 రోజులు పట్టాయి.

టైలోసిన్ లెక్క వేసి చూద్దాం. 19 రోజులకి సగం. 38కి పావు. 57కి పావులో సగం, అంటే రూపాయిలో రెండణాలు. 76కి ఒక అణా. 95 రోజులకి అర్ధణా, అంటే 3 శాతం. క్లోర్‌టెట్రాసైక్లిన్‌కి అయితే పది రోజులకే వెయ్యో వంతు మిగులుతుంది. మీ కుప్పలో అచ్చం ఇవే అంకెలు రావు. వేడి, తడి, పేడ రకం మారితే ఇవీ మారతాయి. అందుకే కాస్త మిగులు చూసుకుని పెట్టుకోవాలి. నేను పాటించే పద్ధతి ఇది: పెన్సిలిన్ రకాలకీ, టెట్రాసైక్లిన్లకీ వేడి దశ పూర్తిగా అయ్యాక ఇంకో నెల. టైలోసిన్, మోనెన్సిన్ లాంటి వాటికి మొత్తం కలిపి 100 రోజులకి తగ్గకుండా. సల్ఫా, ఫ్లోరోక్వినోలోన్లు అయితే ఆరు నెలలు ఆపుతాను, అప్పటికీ ఆ ఎరువుని అన్ని పంటలకీ వాడను.

వేడి దశ తర్వాతి ఈ కాలాన్ని మాగబెట్టడం అనండి. కుప్పని కప్పు కిందే ఉంచి, తడి 40 శాతం కన్నా తగ్గకుండా అప్పుడప్పుడు నీళ్లు చల్లుతూ, నెలకోసారి తిరగేస్తే చాలు. ఎండిపోయిన కుప్పలో రోజులు గడుస్తాయి గానీ మందు తగ్గదు. క్యాలెండరు మాత్రమే ముందుకి పోతుంది. వానపాములతో వర్మీకంపోస్టు చేయాలనుకుంటే ఈ దశలోనే వదలండి, వేడి కుప్పలో బతకవు. వర్మీకంపోస్టుని వేడి దశకి బదులుగా మాత్రం పెట్టుకోవద్దు.

మాగబెట్టేటప్పుడు ఒక చిక్కుంది. మందుకి లొంగని బ్యాక్టీరియా వేడికి చాలావరకు చచ్చిపోతుంది. కానీ ఆ గుణాన్ని మోసే జన్యువులు అన్నీ పోవు. కుప్ప చల్లబడ్డాక కొత్తగా పెరిగే బ్యాక్టీరియాలోకి అవి చేరి, కొన్ని రకాలు మళ్లీ పెరిగిన సందర్భాలు పరిశోధనల్లో కనిపించాయి. దాణాలోని రాగి, జింక్ కూడా దీనికి ఊతమిస్తాయి. ఈ లోహాలు ఎన్నాళ్లు కంపోస్టు చేసినా విరగవు. కాబట్టి మందు తగ్గింది, నిరోధకత కూడా అంతే తగ్గింది అని లెక్క కట్టొద్దు.

తగ్గిందని ఎలా తెలుస్తుంది

నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంటే ఎరువు చివికినట్టు. గడ్డిపోచ పట్టి లాగితే పుటుక్కున తెగాలి. కొంచెం తడి ఎరువుని కవర్లో కట్టి మూడు రోజులుంచి తెరిస్తే కంపు రాకూడదు. ఇవన్నీ చివికిందనడానికి గుర్తులే. మందు పోయిందనడానికి కాదు. మందు కంటికీ ముక్కుకీ దొరకదు.

పాలల్లో మందు చూసే స్ట్రిప్పులు కంపోస్టుకి పనికిరావు. అవి పాల కోసం తయారైనవి, ఎరువు రంగూ అందులోని క్రిములూ ఫలితాన్ని చెడగొడతాయి. నమ్మకమైన దారి మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువుని బట్టి మందుని గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్ ఒక్కటే. ఖర్చవుతుంది. పెద్ద ఫారం నడిపేవాళ్లూ, ఎరువు అమ్మేవాళ్లూ ఏడాదికోసారైనా చేయించాలి. చిన్న రైతుకి నోటుబుక్కూ, రోజుల లెక్కా చాలు.

చేయించేటట్టయితే ఒక్క పరీక్ష వృథా. కుప్ప పేర్చిన రోజున ఒకటి, చివర్లో ఒకటి కావాలి. పది పన్నెండు చోట్ల, లోపలా బయటా, పిడికెడు చొప్పున తీసి బాగా కలిపి అందులోంచి అరకిలో పంపండి. వెలుతురు తగలని డబ్బాలో, ఐసు మధ్య పెట్టాలి. వెలుతురుకి టెట్రాసైక్లిన్లు విరుగుతాయి, దారిలోనే తగ్గిపోయి అబద్ధపు ఫలితం వస్తుంది.

రిపోర్టు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది బరువు. వెయ్యి కిలోల పొడి పదార్థం పేర్చితే చివరికి ఐదు వందల కిలోలే మిగులుతుందనుకోండి. మొదట కిలోకి 2 మిల్లీగ్రాముల మందు ఉంది, అంటే మొత్తం 2 గ్రాములు. ఒక్క మిల్లీగ్రాము కూడా విరక్కపోతే చివర్లో కిలోకి 4 కనిపిస్తుంది. మందు రెట్టింపు కాలేదు, ఎరువు సగమైంది. అలాగే చివర్లో కిలోకి 2 అని వస్తే, ఏమీ తగ్గలేదని నిరాశపడకండి, నిజానికి సగం పోయింది. అందుకే పొడి బరువు మీద లెక్క ఇమ్మని ల్యాబ్‌ని అడగండి, దాన్ని మొదట్లో, చివర్లో కుప్ప మొత్తం పొడి బరువుతో గుణించి పోల్చండి.

రెండోది, ఇందాక వాయిదా వేసిన మాట. ల్యాబ్‌వాళ్లు ద్రావకంతో మందుని బయటికి లాగి కొలుస్తారు. ఎరువు మాగేకొద్దీ మందు దానికి ఇంకా గట్టిగా అంటుకుంటుంది, ద్రావకానికి రాదు, రిపోర్టులో సున్నా కనిపించవచ్చు. కనిపించనిదంతా విరిగిపోయినట్టు కాదు. టెట్రాసైక్లిన్లయితే రూపం మార్చుకుని, పరిస్థితి కుదిరినప్పుడు మళ్లీ మొదటి రూపానికి రాగలవు. ఆ మారిన రూపాల్ని కూడా కొలుస్తారా అని ముందే అడగడం మంచిది.

పలచటి పేడ, బయోగ్యాస్

కడిగిన నీళ్లతో కలిసిన పేడ జావని నేరుగా కంపోస్టు చేయలేం. వడకట్టి గట్టిదాన్ని కుప్పకి, నీళ్లని మూత ఉన్న తొట్టికి చేర్చండి. మూత్రంలో పోయే మందంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. బయోగ్యాస్ ప్లాంటు ఉంటే అందులోనూ కొన్ని మందులు తగ్గుతాయి, కానీ మామూలు వేడి దగ్గర నడిచే ప్లాంటు కంపోస్టుకి సాటి రాదు. బయటికి వచ్చిన గట్టి భాగాన్ని మళ్లీ గడ్డితో కలిపి కుప్ప పెట్టండి. అందులో శక్తి కొంత ముందే ఖర్చయి ఉంటుంది కాబట్టి వేడెక్కడానికి పచ్చి పేడ కొంచెం తోడివ్వాలి.

ఎక్కడ వాడాలి

టెట్రాసైక్లిన్ కుప్ప పూర్తిగా మాగితే ఏ పంటకైనా వాడొచ్చు. సల్ఫా, ఫ్లోరోక్వినోలోన్ వాడిన పేడ ఎరువుని ఆకుకూరలకీ, పచ్చిగా తినే దుంపలకీ వేయకండి. పెద్ద చెట్లకీ, పూల మొక్కలకీ, నార తీసే పంటలకీ వేయండి. చల్లిన వెంటనే దున్ని మట్టిలో కలపాలి. వాన వచ్చేలా ఉంటే ఆ రోజు మానుకోండి.

పనిముట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. పొద్దున పచ్చి పేడ ఎత్తిన పారతోనే సాయంత్రం మాగిన ఎరువుని బస్తాలకెత్తితే, మూడు నెలలు వేడితో వదిలించిన క్రిములు ఐదు నిమిషాల్లో మళ్లీ వచ్చి చేరతాయి. ఒక పార కాడకి ఎర్ర రంగు వేయండి, అది పచ్చి పేడకి. ఇంకోదానికి పచ్చ రంగు. గంపలు కూడా అంతే. కుప్ప దగ్గర ఒక కర్ర పాతి చిన్న పలక కట్టి దాని మీద మూడు విషయాలు రాయండి: మందు పేరు, పేర్చిన తేదీ, ఏ తేదీ దాకా తీయకూడదో. మీరు ఊళ్లో లేనప్పుడు ట్రాక్టరు తెచ్చి ఎరువు ఎత్తుకుపోయేవాళ్లకి ఆ పలకే సమాధానం చెబుతుంది.